వెయ్యి పున్నముల ఏడాది

కార్తీక మాసంలో పొద్దుగూకాక తూర్పున కృత్తికలు పైకొస్తాయి. పల్లెల్లో పిల్లలకోడి అని పిలుచుకునే ఆ చుక్కల గుంపుకు కాస్త ఎడంగా, వృషభరాశిలో, చూపు ఆనీ ఆననంత మసక చుక్క ఒకటి ఈ ఏళ్లలో మసలుతోంది. ఊరి దీపాలకు దూరంగా, వెన్నెల లేని రాత్రి, చీకటికి కళ్లు అలవాటు పడ్డాక ఓపిగ్గా వెతికితే వట్టి కంటికే అందుతుంది. చేతిలో బైనాక్యులర్ ఉంటే శ్రమ తగ్గుతుంది. చోటు తెలియనివాళ్లకు మాత్రం అది చుట్టూ ఉన్న వందల చుక్కల్లో మరో చుక్క. అదే యురేనస్. సూర్యుడి నుంచి ఏడో గ్రహం. భూమి లాంటి గోళాలు 63 ఇమిడేంత పెద్దది.

మన గుళ్లలోని నవగ్రహ మండపాల్లో దానికి పీఠం లేదు. బాబిలోనియా పలకల్లోనూ, గ్రీకుల గ్రంథాల్లోనూ గ్రహంగా దాని ఊసు లేదు. వేల ఏళ్లుగా నెత్తిన తిరుగుతున్నా లెక్కలోకి రాకపోవడానికి కారణం దాని నడక. శని ఒక్కో రాశిలో రెండున్నరేళ్లు ఉంటాడు. మూడు రాశులు దాటేసరికి ఏలినాటి శని వదిలిందని మనవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. యురేనస్‌కు ఒక్క రాశి దాటడానికే ఏడేళ్లు కావాలి. అంత మసక చుక్క, అంత నిదానమైన నడక. ఇవాళ చూసి రేపు చూస్తే కదిలిన జాడ తెలియదు. గ్రహమని పోల్చుకోవాలంటే దానిమీదే కన్నేసి ఉంచాలి. అలా ఉంచినవాళ్లు లేకపోయారు.

ఈ గ్రహం కథంతా ఇదే తీరు. ఒక్క చూపుకు అది లొంగదు. చూసిన ప్రతిసారీ మనుషులు ఏదో ఒకటి అనుకున్నారు. నిలకడగా మళ్లీ చూసినప్పుడు, ఆ అనుకున్నది సగమే నిజమని తేలింది, లేదా అసలు నిజం కాదని తేలింది.

తోకచుక్క అనుకున్నారు

1781 మార్చి 13. ఇంగ్లాండులోని బాత్ పట్టణం, న్యూ కింగ్ వీధిలో ఒక ఇంటి పెరడు. విలియం హెర్షెల్ అనే సంగీత మాస్టారు తను స్వయంగా తయారు చేసుకున్న ఏడడుగుల టెలిస్కోపుకు కన్ను ఆనించి, వృషభ మిథున రాశుల సరిహద్దులో చుక్కల్ని ఒక్కొక్కటే పరీక్షిస్తున్నాడు. జర్మనీలోని హానోవర్ నుంచి వలస వచ్చిన మనిషి. పగలు ఆర్గాన్ వాయించడం, పాఠాలు చెప్పడం. రాత్రయితే ఆకాశం.

అప్పట్లో టెలిస్కోపు అద్దాన్ని రాగి, తగరం కలిపిన లోహంతో పోతపోసేవారు. ఆ బిళ్లను చేత్తో అరగదీసి మెరుగు పెట్టాలి. మధ్యలో చెయ్యి ఆపితే పని పాడవుతుంది. ఒకసారి అలా మెరుగు పెడుతూ అన్నయ్య 16 గంటలు చెయ్యి తియ్యలేదని, పక్కన కూర్చుని తానే నోట్లో ముద్దలు పెట్టానని చెల్లెలు కరొలైన్ తన జ్ఞాపకాల్లో రాసుకుంది. ఆమె కూడా తర్వాత తోకచుక్కల్ని కనిపెట్టి పేరు తెచ్చుకుంది.

ఆ రాత్రి ఒక చుక్క దగ్గర హెర్షెల్ చూపు ఆగింది. నక్షత్రాన్ని టెలిస్కోపులో ఎంత పెంచి చూసినా బిందువుగానే ఉంటుంది. ఇది పెంచినకొద్దీ పెరుగుతోంది. నాలుగు రోజుల తర్వాత చూస్తే చోటు కూడా మారింది. తోకచుక్క అయి ఉంటుందనుకున్నాడు. రాయల్ సొసైటీకి కూడా అలాగే తెలియజేశాడు.

తోకచుక్క అయితే సూర్యుడి వైపు దూసుకురావాలి, దగ్గరయ్యేకొద్దీ తోక విప్పాలి. ఇది ఆ రెండు పనులూ చెయ్యలేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసే గణితవేత్త ఆండర్స్ లెక్సెల్ లెక్క కట్టి, దాని దారి దాదాపు గుండ్రమని, శనికి రెట్టింపు దూరంలో తిరుగుతోందని తేల్చాడు. శనితోనే సౌరకుటుంబం పొలిమేర అనుకున్న మనిషికి ఆ లెక్కతో ఇల్లు ఒక్కసారిగా రెండింతలైంది.

తర్వాత పండితులు పాత పట్టికలు తిరగేశారు. ఇంగ్లాండు ఆస్థాన ఖగోళవేత్త జాన్ ఫ్లామ్‌స్టీడ్ 1690లోనే దాన్ని చూసి, వృషభరాశిలో 34వ నక్షత్రమని రాసిపెట్టాడు. ఫ్రాన్సు ఖగోళవేత్త లెమోనియే 1750 నుంచి 1769 మధ్య పలుమార్లు దాని స్థానం గుర్తించాడు. ఆయనా నక్షత్రమనే అనుకున్నాడు. ఫ్లామ్‌స్టీడ్ చూసిన చోటికే యురేనస్ నాలుగు చుట్లు తిరిగి ఈ ఏళ్లలో మళ్లీ వచ్చింది. కృత్తికల దగ్గర మనకు కనిపిస్తున్నది ఆ 34వ నక్షత్రమే.

సహస్ర చంద్రదర్శనం

సూర్యుడి నుంచి యురేనస్ సగటున 287 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. వెలుగు అంత దూరం వెళ్లడానికి 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. భూమికి ఎనిమిది నిమిషాల్లో చేరే వెలుగే అది. అంత పెద్ద దారిని ఒకసారి చుట్టి రావడానికి దానికి 84 ఏళ్లు కావాలి.

మన ఇళ్లలో ఎనభై దాటిన పెద్దవాళ్లకు సహస్ర చంద్రదర్శనం చేస్తారు. వెయ్యి పున్నములు చూసిన మనిషి అని ఆ గౌరవం. లెక్క వేస్తే వెయ్యి పున్నములకు 81 ఏళ్లు. యురేనస్ ఒక ఏడాదిలో భూమి మీద 1,039 పున్నములు గడుస్తాయి. నిండు జీవితం అని మనం దేన్నంటామో, ఆ గ్రహానికి అది ఒక్క సంవత్సరం. హెర్షెల్ 1738 నవంబరులో పుట్టి 1822 ఆగస్టులో పోయాడు. 83 ఏళ్ల 9 నెలలు. తాను కనిపెట్టిన గ్రహం సూర్యుణ్ణి ఒకసారి చుట్టేంత కాలం, మూడు నెలల తక్కువతో, బతికాడు. కనుగొన్నప్పటి నుంచి దాని మొదటి చుట్టు 1865లో, రెండోది 1949లో పూర్తయ్యాయి. మూడోది 2033లో పూర్తవుతుంది. రెండు శతాబ్దాలకు పైగా చదువుతున్నామని అనుకుంటాం కానీ, యురేనస్ క్యాలెండర్లో అవి మూడేళ్లు కూడా కావు.

అంత దూరంలో ఎండ ఎలా ఉంటుంది? భూమ్మీద పడే ఎండలో 370వ వంతు. కటిక చీకటేమో అనిపిస్తుంది. కానీ మన ఎండ పున్నమి వెన్నెలకు నాలుగు లక్షల రెట్లు. ఆ లెక్కన యురేనస్ మేఘాల మీద పడే మధ్యాహ్నపు ఎండ వెయ్యి నిండు చంద్రుళ్లు ఒక్కసారి కాసినంత. ఆ వెలుగులో మనం హాయిగా పుస్తకం చదువుకోవచ్చు, మనుషుల ముఖాలు పోల్చుకోవచ్చు. పైన సూర్యుడు మాత్రం వెడల్పు తెలియనంత చిన్నగా, చూడలేనంత చురుగ్గా ఉంటాడు.

పక్కకు ఒరిగిన లోకం

గ్రహాలన్నీ ఏదో ఒక మేరకు వాలి తిరుగుతాయి. భూమి వాలు 23.5 డిగ్రీలు. మన రుతువులు దాని చలవే. యురేనస్ వాలు 98 డిగ్రీలు. లంబకోణం కన్నా ఎక్కువ. గ్రహం పూర్తిగా పక్కకు పడుకుని, ధ్రువాల్ని సూర్యుడి వైపు చాచి తిరుగుతుంది. దాని ఉపగ్రహాలు, వలయాలు కూడా ఆ వాలుతోనే తిరుగుతాయి. అందుకే ధ్రువం మనవైపు తిరిగిన కాలంలో ఆ కుటుంబమంతా తిరనాళ్లలో జెయింట్ వీల్ ఎదురుగా నిలబడి తిరిగినట్టు కనిపిస్తుంది.

తెలుగు నేల మీద సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఉత్తరాన కర్కటరేఖ దాకా, అంటే 23.5 డిగ్రీల దాకా పోయి వెనుదిరుగుతాడు. యురేనస్ మీద అలాంటి గీత 82 డిగ్రీల దగ్గరుంది. ధ్రువానికి ఎనిమిది డిగ్రీల ఇవతల. అక్కడ ఉత్తరాయణం 42 ఏళ్లు, దక్షిణాయనం 42 ఏళ్లు.

ఆ ధ్రువం మీద మేఘాల పైన తేలుతూ ఒక జీవితం గడిపితే ఏం కనిపిస్తుందో ఊహించండి. నలభై ఏళ్ల చీకటి తర్వాత దిగంతం మీద సూర్యుడు తొంగిచూస్తాడు. పైకి రాడు. దిగంతాన్నే పట్టుకుని, 17 గంటల 15 నిమిషాలకు ఒకసారి చొప్పున చుట్టూ తిరుగుతాడు. చుట్టు చుట్టుకూ వెంట్రుకవాసి పైకి జరుగుతూ, ఇరవై ఒక్క ఏళ్లకు నడినెత్తికి దగ్గరవుతాడు. అక్కడ చిన్న చుట్లు చుట్టి, మళ్లీ అంతే నిదానంగా మరో ఇరవై ఒక్క ఏళ్లు దిగుతాడు. ఒక ఉదయం, ఒక సాయంత్రం, మధ్యలో అస్తమయం లేని 42 ఏళ్ల పగలు. తర్వాత 42 ఏళ్ల రాత్రి.

ఇంత పెద్ద గ్రహం ఎలా ఒరిగింది? సౌరకుటుంబం పసితనంలో, సుమారు 400 కోట్ల ఏళ్ల కిందట, భూమికన్నా పెద్దదైన ఒక గోళం వచ్చి ఢీకొట్టి ఉంటుందని ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తారు. ఆ దెబ్బకు ఏం జరిగి ఉంటుందో కంప్యూటర్లలో మళ్లీ మళ్లీ జరిపి చూశారు. గుద్దుకోవడం లేకుండానే, ఒకప్పటి పెద్ద ఉపగ్రహం దూరంగా జరుగుతూ గ్రహాన్ని కొంచెం కొంచెంగా ఒరగబెట్టి ఉండొచ్చని వాదించేవాళ్లూ ఉన్నారు.

రుతువుల లెక్క ప్రకారం ఏళ్ల తరబడి ఎండ కాసే ధ్రువం వేడిగా, చీకట్లో మునిగిన ధ్రువం చల్లగా ఉండాలి. 1986లో కొలిస్తే రెండు ధ్రువాలూ, నడుమనున్న మధ్యరేఖా దాదాపు ఒకే చలిలో ఉన్నాయి. ఎండను అటూ ఇటూ సమంగా పంచే ఏర్పాటేదో ఆ వాతావరణంలో ఉంది.

పచ్చనీలం వెనక

టెలిస్కోపులో యురేనస్ లేత పచ్చనీలపు గుండ్రంగా ఉంటుంది. పైపొరల్లో ఎక్కువ భాగం హైడ్రోజన్, హీలియం. వాటి మధ్య కొద్దిపాటి మీథేన్ ఉంది. సూర్యకాంతిలోని ఎరుపును మీథేన్ మింగేసి మిగతాది తిప్పి పంపుతుంది. మన కంటికి చేరేది ఆ మిగులు రంగే. దానిమీద పల్చని పొగమంచు లాంటి తెర ఉండడంతో రంగు ఇంకా వెలిసినట్టుంటుంది.

అంత సొంపైన రంగు వెనక మేఘాల్లో ఏముందో 2018లో బయటపడింది. హవాయిలోని మౌనకియా శిఖరం మీదున్న జెమిని టెలిస్కోపు ఆ మేఘాల వెలుగును విడదీసి చూస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ జాడ కనిపించింది. కుళ్లిన కోడిగుడ్డు కంపు దాని వల్లే వస్తుంది. అయితే ఆ కంపు పీల్చేదాకా అక్కడ ఎవరూ బతకరు. పైపొరల్లో చలి సున్నాకు దిగువన 224 డిగ్రీల దాకా పోతుంది. సూర్యుడికి ఇంకా దూరంగా ఉన్న నెప్ట్యూన్ మీద కూడా అంత చలి నమోదు కాలేదు. గాలులు గంటకు 900 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంటాయి.

కాలు మోపడానికి నేల ఉండదు. కిందికి దిగేకొద్దీ గాలి చిక్కబడుతుంది, వేడెక్కుతుంది, ఎక్కడ ఆవిరి ఆగిందో ఎక్కడ ద్రవం మొదలైందో తెలియకుండానే నీరు, అమ్మోనియా, మీథేన్ కలిసిన దట్టమైన వేడి సముద్రంగా మారిపోతుంది. గ్రహం బరువులో అధిక భాగం అదే. శాస్త్రవేత్తలు ఇలాంటి గ్రహాల్ని హిమ మహాగ్రహాలంటారు కానీ, లోపల వేల డిగ్రీల వేడి. ఇంత పెద్ద గోళమైనా మేఘాల దగ్గర గురుత్వం భూమి కన్నా కాస్త తక్కువే. ఇక్కడ 50 కిలోలు తూగే మనిషి అక్కడ 45 కిలోల దగ్గర తూగుతాడు.

ఆ లోతుల్లో వజ్రాల వాన కురుస్తుందని ఒక అంచనా. ఒత్తిడికి మీథేన్ విరిగి, అందులోని కార్బన్ నలిగి వజ్రపు రవ్వలై, ఆ ద్రవంలోంచి అడుగుకు దిగుతుందని. ఊహగా మొదలైన ఈ మాటకు 2017లో కాలిఫోర్నియాలోని ప్రయోగశాలలో కొంత బలం దొరికింది. పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌లో కార్బన్, హైడ్రోజన్ ఉంటాయి. దాని రేకు మీద శక్తిమంతమైన లేజర్లు పేల్చి, గ్రహగర్భంలోని ఒత్తిడిని రెప్పపాటులో లక్షో వంతుకన్నా తక్కువ సేపు పుట్టించారు. ఆ కాస్త సేపట్లోనే కంటికి కనిపించనంత చిన్న వజ్రాలు ఏర్పడడం ఎక్స్‌రే కిరణాల్లో నమోదైంది. యురేనస్ లోపల కూడా ఇలాగే జరుగుతోందా అన్నది అక్కడికి వెళ్లకుండా రుజువు కాదు. జరుగుతుంటే, మనం పెట్టెల్లో దాచుకునే రాయి అక్కడ వాన.

కావలూరులో ఆ రాత్రి

శనికి వలయాలున్నాయని 17వ శతాబ్దంలోనే తెలుసు. మరే గ్రహానికీ లేవని మూడు వందల ఏళ్లు నమ్మారు. ఆ నమ్మకం 1977 మార్చి 10న పోయింది. ఆ సంగతిలో మనకు దగ్గరి ఊరు ఒకటి ఉంది.

ఆ రోజు యురేనస్ తులారాశిలో ఒక మసక నక్షత్రానికి అడ్డంగా నడవబోతోంది. గ్రహం అంచు నక్షత్రాన్ని కప్పేటప్పుడు ఆ వెలుగు ఎలా తగ్గుతుందో కొలిస్తే గ్రహం మీది వాతావరణం గురించి తెలుస్తుంది. అందుకే హిందూ మహాసముద్రం చుట్టుపక్కల టెలిస్కోపులు సిద్ధమయ్యాయి. అమెరికా నుంచి జేమ్స్ ఎలియట్ బృందం పెద్ద విమానంలోనే టెలిస్కోపు పెట్టుకుని దక్షిణ సముద్రం మీద ఎగురుతోంది. తమిళనాడులోని జవ్వాది కొండల్లో, చిత్తూరు వైపు నుంచి ఎంతో దూరం లేని కావలూరులో 102 సెంటీమీటర్ల టెలిస్కోపు దగ్గర జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి కాచుకుని ఉన్నారు. కావలూరు వేధశాలను నిలబెట్టిన వేణు బప్పు హైదరాబాదులో పెరిగినవాడు. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. నిజాం కాలేజీలో చదువుకున్నాడు.

గ్రహం ఇంకా నక్షత్రాన్ని చేరకముందే విమానంలో గీతలు గీస్తున్న కొలత పరికరం ముల్లు కిందికి పడి లేచింది. నక్షత్రం ఒక్క క్షణం మసకబారి మళ్లీ వెలిగింది. మబ్బు అడ్డొచ్చే ఎత్తు కాదది. మళ్లీ పడింది. అలా అయిదుసార్లు. గ్రహం దాటిపోయాక అవతలి వైపు కూడా అయిదుసార్లు, దాదాపు అంతే దూరాల్లో. కావలూరులోనూ నక్షత్రం కొన్ని సెకన్లు మసకబారడం నమోదైంది. అక్కడివాళ్లు దాన్ని కొత్త ఉపగ్రహమని అర్థం చేసుకుని నేచర్ పత్రికకు రాశారు. ఇద్దరి కొలతలూ, మరికొన్ని చోట్ల తీసినవీ పక్కపక్కన పెట్టి చూశాక అసలు సంగతి తేలింది. అవి వలయాలు. సన్నటివి, నల్లటివి. వాటిలో ఒకటి కావలూరు నక్షత్రాన్నీ కాసేపు కప్పింది.

ఇప్పటికి లెక్క తేలిన వలయాలు 13. వాటిలో ఎక్కువ వెలిగే ఎప్సిలాన్ చుట్టుకొలత మూడు లక్షల కిలోమీటర్ల పైచిలుకు. వెడల్పు చూస్తే సన్నటి చోట 20 కిలోమీటర్లే, మందమైన చోట 96. అంత పొడుగు నూలుపోగు చెదిరిపోకుండా ఇటు కార్డీలియా, అటు ఒఫీలియా అనే రెండు చిన్న ఉపగ్రహాలు గురుత్వంతో కాపు కాస్తాయి. యురేనస్ ఉపగ్రహాల పేర్లు షేక్స్‌పియర్ నాటకాల్లోంచి, అలెగ్జాండర్ పోప్ కావ్యంలోంచి వచ్చాయి. 2025లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు పట్టిచ్చిన పది కిలోమీటర్ల బుడత ఉపగ్రహంతో కలిపి వాటి సంఖ్య 29.

ఒక్క పూట పలకరింపు

వలయాలు బయటపడిన అయిదు నెలలకు, 1977 ఆగస్టు 20న, వాయేజర్ 2 అనే అమెరికా వ్యోమనౌక భూమి వదిలింది. గురుగ్రహాన్ని, శనిని దాటుకుని 1986 జనవరి 24న యురేనస్ మేఘాలకు 81,500 కిలోమీటర్ల దూరంలోంచి దూసుకుపోయింది. ఆగడానికి లేదు. ఉపగ్రహాల కక్ష్యలన్నీ ఎదురుగా నిలబడి ఉండడంతో, వాటన్నిటినీ దగ్గర్నుంచి చూసే అవకాశం కొద్ది గంటల్లోనే వచ్చి పోయింది.

ఆ మసక వెలుగులో ఫోటో తియ్యాలంటే కెమెరా కన్ను సెకన్ల తరబడి తెరిచి ఉంచాలి. నౌక సెకనుకు కిలోమీటర్ల వేగంతో పోతోంది. బొమ్మ అలుక్కుపోక తప్పదు. అందుకు ఇంజినీర్లు ముందే ఉపాయం పన్నారు. ఫోటో తీస్తున్నంతసేపూ కెమెరా తన లక్ష్యం మీదే నిలిచేలా నౌక మొత్తాన్నీ మెల్లగా తిప్పారు. ఎనిమిదేళ్ల కిందట భూమి వదిలిన యంత్రానికి, వందల కోట్ల కిలోమీటర్ల అవతల, రేడియో ద్వారా నేర్పిన విద్య అది.

ఆ విద్య వల్ల దక్కిన బొమ్మల్లో మిరాండా ఒకటి. ఈ ఉపగ్రహం వెడల్పు 470 కిలోమీటర్లు మాత్రమే. దాని ఒంటినిండా గాట్లు, మడతలు, దున్నినట్టున్న పట్టీలు. ఒకచోట వెరోనా రూపెస్ అనే కొండచరియ నిట్టనిలువుగా లేచి ఉంది. ఎత్తు 20 కిలోమీటర్ల దాకా ఉంటుందని అంచనా. ఎవరెస్టుకు రెట్టింపు పైమాటే. అంచున నిలబడి ఒక రాయి జారవిడిస్తే, అక్కడి గురుత్వం అతి తక్కువ కనుక, అడుగు చేరడానికి సుమారు 12 నిమిషాలు పడుతుంది.

ఉపగ్రహాలు ఇన్ని చెబితే, గ్రహం మాత్రం నోరు విప్పలేదు. గురుగ్రహం మీది పట్టీలు, పెనుతుపాన్లు చూసి వచ్చిన శాస్త్రవేత్తలకు మచ్చలేని లేత నీలపు గుండ్రం ఎదురైంది. మేఘాలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. సూర్యుడి నుంచి అందుకున్నంత వేడినే తిప్పి పంపుతోందని, లోపలి నుంచి వచ్చేది ఏమీ లేనట్టేనని కొలతలు చెప్పాయి. అయస్కాంత అక్షం భ్రమణాక్షానికి 59 డిగ్రీలు వాలి, గ్రహకేంద్రం గుండా కూడా పోకుండా పక్కకు జరిగి ఉంది. అయస్కాంత క్షేత్రంలో ఉండాల్సిన పదార్థం కరువైంది. నాలుగు రోజుల తర్వాత, జనవరి 28న, ఛాలెంజర్ షటిల్ పేలిపోయి ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. ప్రపంచం యురేనస్ సంగతి మరచిపోయింది. పాఠ్యపుస్తకాల్లో మాత్రం అది చలనం లేని, వేడి లేని, విసుగు పుట్టించే గ్రహంగా స్థిరపడింది.

ఇరవై ఏళ్లు గడిచాయి. ఎండ ధ్రువం మీంచి జరిగి, 2007లో మధ్యరేఖ మీదికి వచ్చింది. విషువత్తు అనే ఆ ఘట్టం దగ్గర పడేకొద్దీ హబుల్, కెక్ టెలిస్కోపుల్లో తెల్లటి మేఘాలు లేచాయి, పట్టీలు తేలాయి. 2014లో వచ్చిన తుపాన్లు ఇంటి మేడల మీద చిన్న టెలిస్కోపులు పెట్టుకున్నవాళ్లకు కూడా అందేంత వెలిగాయి. వాయేజర్ చూసింది ఒక రుతువును. మనం దాన్ని ఆ గ్రహం స్వభావం అనుకున్నాం.

మిగతావీ ఒకటొకటిగా మారాయి. పాత సమాచారాన్ని 2024లో తిరిగి పరిశీలిస్తే, వాయేజర్ చేరడానికి కొద్ది రోజుల ముందు సూర్యుడి నుంచి వచ్చే సౌరపవనం ఉధృతంగా వీచి ఆ అయస్కాంత క్షేత్రాన్ని నొక్కేసిందని, అందులో పదార్థం కరువైంది అందుకేనని తేలింది. అలాంటి స్థితి నూటికి నాలుగు పాళ్ల సమయంలోనే ఉంటుంది. మనం చూసింది సరిగ్గా అప్పుడే. 2025లో కొత్తగా వేసిన లెక్కల్లో, యురేనస్ సూర్యుడి నుంచి తీసుకునేదానికన్నా 12 నుంచి 15 శాతం ఎక్కువ వేడి బయటికి వదులుతోందని కనిపించింది. పుట్టుకనాటి వెచ్చదనం ఇంకా ఆరలేదు. అదే ఏడాది, హబుల్ పదేళ్లకు పైగా చూసిన ధ్రువకాంతుల ఆధారంగా రోజు నిడివిని సరిచేశారు. 17 గంటల 14 నిమిషాల 52 సెకన్లు. వాయేజర్ చెప్పినదానికన్నా 28 సెకన్లు ఎక్కువ. అంత చిన్న తేడా కూడా రోజు రోజుకూ పోగై, కొన్నేళ్లకే అయస్కాంత ధ్రువం ఏ దిక్కున ఉందో చెప్పలేని స్థితి తెచ్చింది.

యాత్రకు ముహూర్తం

ఇన్నేళ్లలో అక్కడికి వెళ్లిన నౌక వాయేజర్ 2 ఒక్కటే. 2022లో అమెరికా జాతీయ అకాడమీలు రాబోయే గ్రహయాత్రల ప్రాధాన్యాలు నిర్ణయిస్తూ, పెద్ద యాత్రల్లో మొదటి స్థానం యురేనస్‌కు ఇచ్చాయి. గ్రహం చుట్టూ ఏళ్ల తరబడి తిరిగే నౌక ఒకటి, మేఘాల్లోకి దూకి గాలిని కొలిచే పరికరం ఒకటి పంపాలని సూచించాయి. 2030ల మొదట్లో గురుగ్రహం ఊతంతో బయల్దేరినా దారిలో పన్నెండు, పదమూడేళ్లు గడుస్తాయి. యురేనస్ కోసం పనిచేసేవాళ్ల ఉద్యోగ జీవితాలు ఇలాగే ఉంటాయి. గీత గీసినవాళ్లు ఒక తరం, బొమ్మ అందుకునేవాళ్లు మరో తరం.

ఆలస్యం చెయ్యడానికి మాత్రం వీల్లేదు. 1986లో సూర్యుడు దక్షిణ ధ్రువం వైపు ఉన్నాడు. ఉపగ్రహాల ఉత్తరార్ధాలన్నీ చీకట్లో ఉండిపోయాయి. మిరాండా, టైటానియా, ఒబెరాన్, ఏరియల్, ఉంబ్రియల్ అని మనం పటాలు గీసుకున్నవన్నీ దాదాపు సగం గోళాల పటాలే. ఆ మిగిలిన సగాల్లో 2007 చివర తెల్లవారింది. 2030లో వాటి నడినెత్తికి ఎండ వస్తుంది. ఆ మధ్యాహ్నం చూడ్డానికి అక్కడ మన కెమెరా ఏదీ ఉండదు. 2050 నాటికి మళ్లీ విషువత్తు. ఆలోపు నౌక చేరితే వాయేజర్ చూడని సగాన్ని సాయంకాలపు ఏటవాలు వెలుగులో చూస్తుంది. ఆ వెలుగులో గుట్టల, లోయల నీడలు పొడవుగా పడి ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి. కొన్నేళ్లు అక్కడే తిరిగితే ఉత్తరాన పొద్దు వాలడం, దక్షిణాన పొద్దు పొడవడం రెండూ చూస్తుంది. ఆ గడువు దాటితే ఉత్తరార్ధాలు మళ్లీ 42 ఏళ్ల రాత్రిలోకి పోతాయి. అప్పుడు వెళ్లిన నౌకకు వాయేజర్ చూసిన సగమే మరోసారి కనిపిస్తుంది. చూడని సగం కోసం 2090ల దాకా ఆగాలి. ఈ గ్రహం దగ్గర ఒక పూట జారవిడిస్తే, మళ్లీ అందేది మనవలకే.